నార్మల్ సీసా

ల్యాబ్ వెనక గది,
ఫిబ్రవరి 6

ఒరేయ్ బొంగరం,

ముందు అసలు కబురు చెప్పేస్తాను, లేకపోతే నువ్వు నేరుగా ఉత్తరం చివరికి దూకుతావు. నీకేమీ లేదు. నీ కణాలు నిక్షేపంలా ఉన్నాయి.

డిసెంబరులో నువ్వొచ్చినప్పుడు నీ చేతి లోపలివైపు గోధుమగింజంత చర్మం తీస్తే బిల్డింగంతా వినబడేలా అరిచావే, అది సీసాలో అంటుకుని పెరగడానికి అయిదు వారాలు పట్టింది. తరవాత ఆ కణాలని రెండ్రోజులు కొవ్వు పెట్టకుండా మాడ్చాను. కడుపు నిండిన కణం బద్ధకంగా పడుంటుంది. ఆకలేసిన కణం ఒంటి మీద చిన్న చిన్న కొక్కేలు మొలిపించుకుంటుంది. కొలెస్ట్రాల్ రక్తంలో ఊరికే తిరగదురా, మూటలు కట్టుకుని తిరుగుతుంది. ఆ మూట పక్కనుంచి పోతూ ఉంటే కొక్కెం పట్టుకుంటుంది, కణం గోడ అక్కడ లోపలికి సొట్టపడి మూటని మింగేస్తుంది. మింగి, విప్పి, తన గోడలకి వాడుకుంటుంది. కొక్కెం మళ్ళీ పైకొస్తుంది. అందరూ కొలెస్ట్రాల్ అంటే విషం అనుకుంటారు గానీ అది లేకపోతే కణానికి గోడే లేదు. చిక్కంతా పుట్టుకతోనే కొక్కేలు తక్కువైనవాళ్ళకి. తీసుకునేవాళ్ళు లేక మూటలు రక్తంలోనే తిరిగి తిరిగి, చివరికి గుండె నాళాల గోడల్లో దూరి కూర్చుంటాయి. అక్కడ వాపు, గడ్డ, ఒకరోజు దారి మూసుకుపోవడం. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో బిడ్డకొస్తుంది. నాన్న నలభై రెండుకి మెట్ల మీద కూలిపోయాడు, బాబాయి నలభై నిండకుండానే పోయాడు. నాకు ఇన్నాళ్ళూ అదే భయం.

మూటలకి మెరిసే రంగు అద్ది, నీ సీసాలోనూ నార్మల్ సీసాలోనూ, అంటే ఏ జబ్బూ లేని మనిషి కణాలున్నదాంట్లోనూ, పోసి, కడిగి, ఎవరెంత మింగారో మూడుసార్లు కొలిచాను. అచ్చు గుద్దినట్టు ఒకటే! ఆ నార్మల్ సీసా ఎవరిదో తెలుసా? నాదే. తొమ్మిదేళ్ళ కిందట సెలవుల్లో ఫ్రీజరు పాడై, తెప్పించుకున్న కణాలన్నీ చచ్చిపోయాయి. పెద్దసారు గదంతా కలయజూసి, "పుల్లలా ఉన్నావు, నీకన్నా ఆరోగ్యవంతులు ఎక్కడ దొరుకుతారమ్మా, చెయ్యి చాపు" అన్నారు. అప్పట్నుంచీ ఇక్కడికొచ్చే ప్రతి మనిషినీ నాతోనే పోలుస్తున్నాం.

వచ్చే నవంబరుకి నలభై రెండొస్తాయని ఇక వణక్కు. నిన్న సీసాలు కడుగుతూ ఏడ్చాను, సంతోషంతోనే. ఎందుకూ అని అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి తీరిగ్గా ఏడ్చాను.

అక్క

*

లిఫ్టు మోటారు గది, పన్నెండో అంతస్తు మీద,
ఫిబ్రవరి 19

పుల్లక్కా,

నీ నోట్లో చక్కెర పొయ్య! ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఫోన్ చేస్తే పోయేదిగా అనకు. ఫోన్లో నువ్వు "ఆఁ, బానే ఉన్నా, పెట్టేయనా" తప్ప నాలుగో మాట మాట్లాడవు. ఉత్తరంలో అయితే కనీసం ఏడ్చానని రాస్తావు.

లిఫ్టు బాగుచేసేవాడి బతుకు చూడు. జనమంతా లిఫ్టెక్కుతారు, వాడు మాత్రం మెట్లెక్కుతాడు. ఎందుకంటే వాణ్ణి పిలిచేదే అది ఆగిపోయాక. ఇవాళ పన్నెండు అంతస్తులూ ఎక్కాను. ఎక్కుతూ ప్రతి అంతస్తులోనూ "నిక్షేపంలా ఉన్నాను" అనుకున్నాను.

నీకో సంగతి చెప్పలేదు. చెప్పలేదంటే దాచాను. నేనుండే బిల్డింగులో నాలుగో అంతస్తులో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. మా అందరికీ టైలరమ్మ. ముప్ఫై ఏళ్ళకే భర్త పోయాడు. మూడేళ్ళ కిందట ఆవిడే అడిగింది నన్ను. "మీరూ ఒక్కరే, నేనూ ఒక్కదాన్నే, ఇద్దరికీ రెండు పొయ్యిలెందుకండీ?" అని. నాకు పెళ్ళి ఆలోచన లేదన్నాను. అబద్ధం. మన ఇంటి మగాళ్ళు నలభై రెండు దాటరు కదా. ఒకసారి భర్తని పోగొట్టుకున్న మనిషికి రెండోసారి అదే చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఆ కారణం ఆవిడకి చెప్పలేదు, నీకూ చెప్పలేదు. మూడేళ్ళు ఆవిడ మెట్ల మీద ఎదురైతే తలొంచుకుని పోయింది. నేను సరిగ్గా ఆవిడ కింద గదిలో, పైన మిషను చప్పుడు వింటూ ఒక్కణ్ణే తిన్నాను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని మొన్న పైకెళ్ళాను. అడిగేశాను. ఆవిడ మిషను తొక్కడం ఆపలేదు. "నోరు పెగలడానికి మూడేళ్ళు పట్టిందా?" అంది. ఆ వరస పూర్తిచేసి, దారం కొరికి, "ఇప్పుడు స్కూలు బట్టల పని నెత్తిమీదుంది. జూన్ చివర్లో చూద్దాం" అంది. అంటే సరేననే కదక్కా?

బొంగరం

*

ల్యాబ్ వెనక గది,
మార్చి 11

ఒరేయ్ దొంగవెధవా,

మూడేళ్ళు కడుపులో దాచుకున్నావా? నోట్లో నువ్వుగింజ నానదనుకున్నాను నీకు! "సరేననే కదా" అని నన్నడుగుతావేం, దారం కొరికి మరీ నెల చెప్పిందంటే సరేననే, మొద్దూ. ఆవిడకి నా కొలతలు పంపనా, జాకెట్టు కుట్టించుకుంటాను. గుడ్డ తక్కువే పడుతుందని చెప్పు.

నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నీ గదిలో ఇంకో మనిషి గొంతు వినిపించబోతోంది. నా సంగతంటావా, నాకీ సీసాలు చాలు. నలభై తొమ్మిదేళ్ళొచ్చాక కొత్తగా ఎవరితో గొడవపడతాను?

ఇక్కడో తమాషా. కొత్తగా చేరిన డాక్టరమ్మ తన పాత ల్యాబు నుంచి ఒక సీసా తెచ్చుకుంది. అదీ నార్మలేనట. నా సీసా పక్కన పెట్టి కొలిస్తే, అమ్మో, సరిగ్గా రెట్టింపు మింగింది! దానికి "తిండిపోతు" అని పేరు పెట్టాం. పెద్దసారు అందులో ఏదో తేడా ఉంది, మళ్ళీ చెయ్యమన్నారు. చేస్తాను. ఫ్రీజరు డబ్బాలు మోసి మోసి ఎడం భుజం పట్టేసింది, అందుకే రెండ్రోజులు ఆగాను.

అక్క

*

నా గది, కింది అంతస్తు,
ఏప్రిల్ 2

అక్కా,

జూన్ ఇరవై ఎనిమిది ఖాయం. పెద్ద హడావుడి ఏమీ లేదు, రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలు, తరవాత అందరం కలిసి భోజనం. నా తరఫున సంతకం నువ్వే. వారం ముందు రావాలి, సీసాలు చచ్చిపోతాయని వంకలు పెట్టకు.

నా గదికి కర్టెన్లు వచ్చాయి. కిటికీకి కర్టెన్ ఉంటుందన్న సంగతే మర్చిపోయాను. ఆవిడ కొలత తీసుకుంటూ, "ఈ గదిలో ఒక్క గ్లాసే ఉందేంటి?" అంది. సిగ్గేసింది.

మొన్నొక బిల్డింగులో ఎనిమిదో అంతస్తు దగ్గర కాసేపు కూర్చున్నాను. గ్రీజు వాసన పడలేదనుకుంటా. అంతకుమించి ఏం లేదు.

బొంగరం

*

ల్యాబ్,
ఏప్రిల్ 9

తమ్ముడికి,

ఈ ఉత్తరం అందిన మర్నాడే, పొద్దున ఏమీ తినకుండా, ఏదైనా ఆసుపత్రికి వెళ్ళి రక్తంలో కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకో. గుండె డాక్టరుని కలువు. నాన్న సంగతి, బాబాయి సంగతి చెప్పు. అప్పటిదాకా మెట్లెక్కకు.

ఎందుకని అడక్కు.

అక్క

*

నా గది,
ఏప్రిల్ 20

అక్కా,

అడక్కు అంటే అడుగుతాను, నా సంగతి నీకు తెలీదూ? నిక్షేపంలా ఉన్నానని రాసిన చేత్తోనే ఇప్పుడు పరుగెత్తమంటావేంటి? "ఒరేయ్" లేదు, "బొంగరం" లేదు, "తమ్ముడికి" అట. పై ఆఫీసు నుంచి కాగితం వచ్చినట్టుంది. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, ఉన్నదేదో చెప్పు.

ఒకవేళ పెళ్ళనేసరికి నీకు బెంగ పట్టుకుందేమో. ఇన్నాళ్ళూ మనిద్దరమే కదా. అదే అయితే అదే రాయి, నేనేమీ అనుకోను. అంతేగానీ లేనిపోని భయాలు పెట్టకు. మెట్లెక్కకపోతే నా పని ఎవడు చేస్తాడు?

బొంగరం

*

ల్యాబ్ వెనక గది,
ఏప్రిల్ 27

ఒరేయ్,

చావు కబురు చల్లగా చెప్పడం నాకు రాదు. నేను నీకు తప్పు చెప్పాను.

తిండిపోతు సీసాని మళ్ళీ కొలిచాను. మళ్ళీ రెట్టింపు. అప్పుడు డాక్టరమ్మ, "దీంట్లో తేడా ఉందో, దాంట్లో ఉందో, మూడో మనిషిని అడుగుదాం" అంది. తన చర్మం ఇచ్చింది. టైపిస్టు ఇచ్చాడు. గదులు ఊడ్చే ఆవిడ ఇచ్చింది. ఒక్కో సీసా పెరుగుతుంటే రోజుకి పదిసార్లు వెళ్ళి చూశాను. ముగ్గురూ తిండిపోతులే. అంటే వాళ్ళది మామూలు ఆకలి, నాదే సగం. నా కణాల మీద సగం కొక్కేలే ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆ సగాన్నే మేము నిండు అనుకుంటూ వచ్చాం.

నీ కణాలు అచ్చు గుద్దినట్టు నాలాగే ఉన్నాయన్నాను కదూ. అదేరా సంగతి. నాన్న మనిద్దరికీ ఒకటే ఇచ్చాడు.

పెద్దసారుకి చెబితే కుర్చీలో కూలబడిపోయారు. "సన్నగా ఉన్నావని నమ్మానమ్మా" అన్నారు. సన్నగా ఉంటే ఏం, ఇది తిండి వల్ల వచ్చేది కాదని తెలిసిన ఇద్దరం మేమే, ఆ మాట మాకే తట్టలేదు. పాత కాగితాలన్నీ తీశాం. ఒక్క కొక్కెమూ లేని పిల్లల్ని పట్టుకోగలిగాం, ఎందుకంటే వాళ్ళది నా సగం కన్నా కూడా తక్కువ. కానీ నాలాంటి సగం వాళ్ళు పదకొండుమంది ఉన్నారు. ఆ పదకొండుమందికీ "మీకేం లేదు" అని సంతకం పెట్టి పంపింది నేనే. అందరికీ ఉత్తరాలు రాశాను. ఒకరింటి నుంచి ఆయన భార్య జవాబు రాసింది. "మీరు బాగుందన్నారని ఆయన మందులు మానేశారు. పోయిన చలికాలంలో పోయారు. ఉత్తరం ఆయన పేరున వచ్చింది కాబట్టి నేను విప్పాను." అంతే ఉంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పన్నెండోవాడివి నువ్వు.

దీనికి మందుంది, విను. కొలెస్ట్రాల్‌ని కాలేయం సొంతంగా కూడా తయారు చేసుకుంటుంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటే ఆ తయారీ తగ్గుతుంది. అప్పుడు దానికి ఆకలేసి ఇంకాసిని కొక్కేలు మొలిపించి, రక్తంలో తిరిగే మూటలని లాక్కుంటుంది. నాన్న రోజుల్లో ఈ మాత్ర ఆయన దాకా రాలేదు. నీ దాకా వచ్చింది. నామీద ఎంత కోపమైనా పెట్టుకో, ముందు పరీక్ష చేయించుకో. ఆ ఎనిమిదో అంతస్తులో నువ్వు కూర్చున్నది గ్రీజు వాసనకి కాదని నాకు తెలుసు.

ఆవిడకి చెప్పు. చెప్పకుండా జూన్ దాకా పోవద్దు.

నిన్ను నమ్మించి మోసం చేసిన
అక్క

*

ల్యాబ్ వెనక గది,
మే 22

బొంగరం,

దాదాపు నెలైంది. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. నువ్వు కోపంతో ఎత్తడం లేదా, ఎత్తలేని స్థితిలో ఉన్నావా, నాకెలా తెలుస్తుంది? నీ మీద ఒట్టు, పొద్దున పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడుతున్నాను. గేటు మనిషి "ఏమీ లేవమ్మా" అని దూరం నుంచే చెయ్యి ఊపుతాడు.

నా సీసా తీసేశారు. డాక్టరమ్మది వాడుతున్నారు. తీసేటప్పుడు పారబొయ్యమంటారేమో అనుకున్నాను. పెద్దసారు "వద్దు, జబ్బున్నవాళ్ళ వరసలో పెట్టు" అన్నారు. నా చేత్తో నేనే పెట్టాను.

తిట్టడానికైనా ఒక్క ముక్క రాయరా.

అక్క

*

నా గది,
జూన్ 12

అక్కా,

బతికే ఉన్నాను. ముందది చదువుకుని, కాసిని మంచినీళ్ళు తాగి, మిగతాది చదువు.

నీ ఉత్తరం చదివి చింపేశాను. మర్నాడు ముక్కలు ఏరి అతికించాను. నీ మీద వచ్చినంత కోపం నా జన్మలో ఎవరి మీదా రాలేదు. నీ గొంతు వింటే ఏదో ఒకటి అనేస్తానని ఫోన్ ఎత్తలేదు. కోపం ఎందుకో తెలుసా? నువ్వు తప్పు చెప్పినందుకు కాదు. తప్పని మళ్ళీ చెప్పినందుకు. ఇప్పుడు నిజం చెబుతాను. నాకు పోయిన ఏడాది నుంచే గుండె పట్టేస్తోంది. ఆరేడు అంతస్తులెక్కితే ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టినట్టుంటుంది, కూర్చుంటే పోతుంది. డిసెంబరులో నీ దగ్గరికి చెయ్యి చాపడానికి వచ్చింది అందుకే. నీకేమీ లేదని నువ్వు రాశావు. నా ఛాతీ ఒకటి చెబుతోంది, అక్క ఒకటి చెబుతోంది. నేను అక్కనే నమ్ముదామనుకున్నాను. నాకు ఆవిడ కావాలి, అందుకని నమ్మాను. నీ తప్పులో సగం నాది.

ఆవిడకి చెప్పాను. మిషను ఆపేసింది. మూడు రోజులు ఆ బిల్డింగులో ఆ చప్పుడు లేదు. నాలుగో రోజు పొద్దున్నే తలుపు కొట్టి, "ఏమీ తినలేదు కదా, పదండి" అంది. ఎక్కడికంటే ఆసుపత్రికి. నా కొలెస్ట్రాల్ నంబరు మూడువందల అరవై. రెండువందలు దాటకూడదట. గుండె నాళంలోకి సన్నటి గొట్టం పంపి చూస్తే ఒకటి మూడొంతులు పూడిపోయి ఉంది. అక్కడికక్కడే స్ప్రింగు లాంటిది పెట్టారు. ఇప్పుడు రోజూ నువ్వు చెప్పిన మాత్ర వేసుకుంటున్నాను. డాక్టరు చివాట్లు పెడుతూ, "ఇంకో రెండు నెలలు మెట్లెక్కి ఉంటే నాకు ఈ పని ఉండేది కాదు" అన్నాడు. నువ్వు చెప్పి ఉండకపోతే ఎక్కేవాణ్ణే.

ఆసుపత్రి కాగితంలో "రోగికి ఏమవుతారు" అన్నచోట ఆవిడ "భార్య" అని రాసేసింది. ఇంకా అవలేదుగా అన్నాను. "సిరా ఆరకముందే ఒప్పుకోండి, మళ్ళీ మూడేళ్ళు ఆగలేను" అంది. నేను పోతే ఎలాగని అడిగాను. "మొదటాయన జబ్బు దాచిపెట్టి పోయాడు. మీరు చెప్పారు. నాకది చాలు" అంది. అక్కా, నేను ఆవిడ ముందు ఏడ్చాను.

ఇంక నీ వంతు. నీ ఉత్తరాలన్నీ వరసపెట్టి మళ్ళీ చదివాను. నా గుండె, ఆ పదకొండుమంది, పెద్దసారు, చనిపోయినాయన భార్య, అందరూ ఉన్నారు. సీసాలో ఉన్నది ఎవరి చర్మం? నీది కాదూ? నువ్వు పరీక్ష చేయించుకున్నావో లేదో ఒక్క ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. మన ఇంటి మగాళ్ళు, మగాళ్ళు అనుకుంటూ పెరిగాం. మేనత్త యాభై ఒకటికి కుర్చీలో కూర్చుని కూరలు తరుగుతూ పోయింది, గుర్తుందా? నీరసం అన్నారు. ఆవిడ నాన్నకి సొంత చెల్లెలు. ఆడది కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, మనం కూడా.

నీ నంబరెంత? భుజం ఇంకా పట్టేస్తోందా?

తమ్ముడు

*

ల్యాబ్ వెనక గది,
జూన్ 18

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం గేటు దగ్గరే విప్పాను. "బతికే ఉన్నాను" దగ్గర అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. గేటు మనిషి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనుంది, చిన్నదైనా సరే.

నా నంబరు మూడువందల తొంభై. ఏప్రిల్ ఎనిమిదిన తెలిసింది. నీకు రాసిన మూడు లైన్ల ఉత్తరం దాని మర్నాడే రాశాను. భుజం డబ్బాలు మోసి పట్టింది కాదు. ఇప్పుడు దవడ దాకా పాకుతోంది. మాత్రలు మొదలుపెట్టాను. కానీ నీకు చేసినట్టే గొట్టం పంపి చూడాలని, ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు.

తారీఖు ఇచ్చారు, వెళ్ళాను. కిటికీ దగ్గర అమ్మాయి కాగితం ముందుకు తోసి, "మీవెంట ఎవరొచ్చారండీ? సొంతవాళ్ళ సంతకం కావాలి" అంది. వస్తున్నారన్నాను. బెంచీ మీద కూర్చున్నాను. పక్కన ఒక ముసలాయన కొడుకుతో, కోడలితో, ఇద్దరు మనవలతో వచ్చాడు. అంతమంది ఎందుకని వాళ్ళని కసురుకుంటున్నాడు. నా పేరు పిలిచారు. ఇంకా రాలేదండీ అన్నాను. మధ్యాహ్నం దాకా కూర్చుని, లేచి ల్యాబుకొచ్చి సీసాలకి తిండి పెట్టాను. రెండో తారీఖుకీ అంతే చేశాను. మూడోసారి వెళ్ళేసరికి ఆ అమ్మాయి నన్ను గుర్తుపట్టి, "ఇవాళైనా వస్తున్నారామ్మా?" అని మెల్లిగా అడిగింది. నాకు తల తీసేసినట్టయింది. పెద్దసారుని అడగొచ్చు, డాక్టరమ్మని అడగొచ్చు. అడగలేకపోయాను. పదకొండుమందికి నేను చేసిన దానికి, ఏ మొహం పెట్టుకుని అడగను? నీకు రాద్దామంటే నువ్వు మాట్లాడటం లేదు. నిన్ను ఆ స్థితికి తెచ్చింది నేనే అయ్యాక, నాకోసం రమ్మని ఎలా పిలవను?

చిన్నప్పట్నుంచీ నీకు ఏం కావాలో అడగడమే గానీ, నాకు ఇది కావాలి అని నీతో ఎప్పుడూ అనలేదు. ఎలా అనాలో కూడా తెలియడం లేదు. ఈ పేరా మూడుసార్లు కొట్టేసి రాశాను. ఫోన్లో అయితే అసలు నోటికి రాదు, అందుకే స్పీడుపోస్టులో వేస్తున్నాను.

ఇరవై ఆరు, గురువారం, పొద్దున ఎనిమిదింటికి. మళ్ళీ తారీఖు ఇచ్చారు. నీ పెళ్ళికి అప్పటికి రెండే రోజులుంటాయి, తెలుసు. పెళ్ళి నాలుగు రోజులు వాయిదా వేసుకోమని అడుగుతున్నాను. ఆవిణ్ణి కూడా అడుగు. ఒప్పుకుంటే తీసుకురా, నాకు తనని చూడాలనుంది.

నాకు చాలా భయంగా ఉందిరా. ఆ బెంచీ మీద నాలుగోసారి ఒక్కదాన్నే కూర్చోలేను. రా.

అక్క